పెట్రోలు ధర, ఇంటి ఖర్చు: పుదుచ్చేరి చెప్పే లెక్క

పెట్రోలు ధర పెరిగినదనగానే అది వాహనాలు గలవారి బెంగ మాత్రమేనని కొందరు భావిస్తారు. ఇది సరియైన అభిప్రాయం కాదు. జీవితంలో ఒక్కమారైనా స్కూటరు ఎక్కని వృద్ధురాలు కొనే వంకాయల ధరలోను, బడికి నడిచి వెళ్ళే బాలుని నోటుపుస్తకం ధరలోను ఎంతో కొంత డీజిలు ఖర్చు ఇమిడి ఉన్నది. కనుక ఇంధనం ధర ఎలా నిర్ణయమవుతున్నది, దాని భారం ఎవరిపై ఎంత పడుతున్నది, ఆ భారాన్ని తగ్గించుకొనే మార్గాలేవి అన్న విషయాలు ప్రతి పౌరుడూ తెలుసుకోదగినవి.

ఈ పరిశీలనకు పుదుచ్చేరి కంటే అనువైన చోటు మన దేశంలో అరుదు. ఈ కేంద్రపాలిత ప్రాంతం నాలుగు చోట్ల విడివిడిగా ఉన్నది. పుదుచ్చేరి, కారైకాల్ తమిళనాడు తీరాన, మాహే కేరళ తీరాన, యానాం మన గోదావరి డెల్టాలో ఉన్నవి. యానాం 1954 జూన్ 13న, మిగిలిన ప్రాంతాలతో కూడిన పరిపాలన అదే సంవత్సరం నవంబరు 1న భారతదేశం చేతికి వచ్చినవి. చట్టరీత్యా విలీనం 1962 ఆగస్టు 16న పూర్తి అయినది. ఫ్రెంచి పాలనలో ఈ సరిహద్దుల వద్ద సుంకపు చౌకీలుండేవి. నేడు ఆ చౌకీలు లేవు. అయినను, సరిహద్దుకు ఇవతల ఒక ధర, అవతల మరొక ధర పలికే సరుకు ఒకటి మిగిలి ఉన్నది. అదే పెట్రోలు.

పుదుచ్చేరి ప్రాంతం సైతం ఒకే ఖండం కాదు. తమిళనాడు గ్రామాల నడుమ చెదరి ఉన్న అనేక భూభాగాల సముదాయమది. పట్టణం నుండి కడలూరు వైపు గాని, విల్లుపురం వైపు గాని కొంతదూరం సాగితే రాష్ట్రం మారుతుంది, దానితో పాటు బంకు బోర్డుపై అంకె మారుతుంది.

ధరలోని భాగాలు

లీటరు పెట్రోలు ధరలో ప్రధానంగా నాలుగు భాగాలుంటవి. మొదటిది ముడిచమురు కొని, శుద్ధిచేసి, చేరవేసిన ఖర్చు. రెండవది కేంద్ర ఎక్సైజు సుంకం. మూడవది డీలరు కమీషను. నాలుగవది రాష్ట్రం విధించే విలువ ఆధారిత పన్ను. ఎక్సైజు సుంకం లీటరుకు ఇన్ని రూపాయలని నిర్ణయమై ఉంటుంది. రాష్ట్రపు పన్ను సాధారణంగా శాతంలో ఉంటుంది. ఈ శాతాన్ని ఎక్సైజు సుంకం కలిసిన మొత్తంపై లెక్కిస్తారు. అందువలన ముడిచమురు ధర గాని, కేంద్ర సుంకం గాని పెరిగినప్పుడు రాష్ట్రపు పన్ను కూడ దానంతట అదే పెరుగుతుంది.

మన దేశం తనకు కావలసిన ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకొంటున్నది. అందుచేతనే దూరదేశాల యుద్ధాలు మన వంటింటిని తాకుతున్నవి. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు ఎగుమతులపై ఆంక్షలు విధించిన తరువాత కొద్ది నెలలలోనే పీపా ధర సుమారు 3 డాలర్ల నుండి 12 డాలర్ల వరకు పెరిగినది. 1979లో ఇరాన్ విప్లవం, 1990లో కువైట్ ఆక్రమణ, 2022లో ఉక్రెయిన్ యుద్ధం ఇటువంటి కుదుపులనే తెచ్చినవి. 1974లో బొంబాయి సముద్రగర్భంలో చమురు కనుగొనడం, తరువాత కృష్ణా గోదావరి బేసిన్‌లో చమురు, వాయువు వెలికి తీయడం కొంత ఊరట కలిగించినవి గాని, అవి మన అవసరాలకు చాలినవి కావు.

దేశంలో పెట్రోలు ధరను చిరకాలం ప్రభుత్వమే నిర్ణయించేది. 2010 జూన్‌లో పెట్రోలుపైన, 2014 అక్టోబరులో డీజిలుపైన ఈ నియంత్రణ తొలగినది. అటుపిమ్మట ధరను ప్రతిదినం సవరించే పద్ధతిని 2017 మే 1 నుండి అయిదు నగరాలలో ప్రయోగాత్మకంగా ప్రవేశపెట్టినారు. ఆ అయిదింటిలో పుదుచ్చేరి ఒకటి, మన విశాఖపట్నం మరొకటి. ఉదయపూర్, జంషెడ్‌పూర్, చండీగఢ్ మిగిలిన మూడు. అదే సంవత్సరం జూన్ 16 నుండి ఈ విధానం దేశమంతటా అమలులోకి వచ్చినది.

ధర ప్రపంచ విపణితో ముడిపడినప్పటికి, సుంకాలు ప్రభుత్వ నిర్ణయాలుగానే ఉన్నవి. 2020లో ముడిచమురు ధర పడిపోయినప్పుడు ఎక్సైజు సుంకాన్ని పెంచడం వలన ఆ లాభం వినియోగదారునికి పూర్తిగా చేరలేదు. తరువాత 2021 నవంబరులో పెట్రోలుపై లీటరుకు 5 రూపాయలు, 2022 మేలో మరి 8 రూపాయలు సుంకం తగ్గించినారు. 2017 జూలై 1న వస్తు సేవల పన్ను అమలులోకి వచ్చినను, పెట్రోలు, డీజిలు దాని పరిధికి వెలుపలనే నిలిచినవి. అందుచేతనే వీటిపై ఒక్కొక్క రాష్ట్రం ఒక్కొక్క రేటు విధించే వీలు మిగిలినది.

ఇరుగు పొరుగు ధరలు

పుదుచ్చేరి ప్రభుత్వం తన నాలుగు ప్రాంతాలకు నాలుగు వేర్వేరు రేట్లు నిర్ణయించినది. 2025 జనవరి 1న పెంచిన తరువాత కూడ పెట్రోలుపై ఆ రేట్లు 18 శాతం లోపుననే ఉన్నవి. తమిళనాడు 2021 ఆగస్టులో నిర్ణయించిన రేటు 13 శాతంతో పాటు లీటరుకు రూ. 11.52. ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం పన్నుకు తోడు లీటరుకు 4 రూపాయల అదనపు పన్ను, 1 రూపాయి రహదారి సెస్సు విధించినారు.

లెక్క సులభంగా ఉండుటకై రాష్ట్రపు పన్నుకు ముందు లీటరు విలువ 80 రూపాయలనుకొందాం. ఆంధ్రప్రదేశ్‌లో పన్ను రూ. 29.80 చేరి ధర రూ. 109.80 అవుతుంది. తమిళనాడులో రూ. 21.92 చేరి రూ. 101.92 అవుతుంది. పుదుచ్చేరి రేటును 17 శాతంగా తీసుకొంటే రూ. 13.60 చేరి రూ. 93.60 అవుతుంది. అనగా ఒకే శుద్ధి కర్మాగారం నుండి వచ్చిన లీటరుపై యానాంలో కాకినాడ కంటే రూ. 16.20, పుదుచ్చేరిలో కడలూరు కంటే రూ. 8.32 తక్కువ. యానాం బంకుల వద్ద ఆంధ్ర వాహనాలు బారులు తీరడానికి కారణమిదే.

ఈ 16.20 రూపాయలు ఎక్కడి నుండి వచ్చినవో కూడ గమనించవలసి ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌కు రావలసిన రూ. 29.80 రాలేదు, పుదుచ్చేరికి రూ. 13.60 వచ్చినది, తేడా కొనుగోలుదారుని జేబులో మిగిలినది. చమురు చౌక కాలేదు, పన్ను మాత్రమే చేతులు మారినది. ఆ పన్నుతోనే బడులు, ఆసుపత్రులు, రోడ్లు నడవవలసి ఉన్నది. అందుచేత దేశమంతటా ఒకే పన్ను ఉండాలన్న కోరిక ఎంత సహజమైనదో, ఆదాయం కోల్పోతామన్న రాష్ట్రాల భయం కూడ అంత సహజమైనదే. ఈ సరుకులను వస్తు సేవల పన్నులోకి ఏ తేదీ నుండి తీసుకొనిరావాలో రాష్ట్రాలు కూడ సభ్యులుగా ఉన్న జి.ఎస్.టి. మండలి సిఫారసు చేయాలని రాజ్యాంగం నిర్దేశిస్తున్నది.

చౌక వెంట పరుగు

సరిహద్దు దాటి పెట్రోలు పోయించుకొనడం నిజంగా లాభమేనా? కాకినాడ నుండి యానాం సుమారు 30 కిలోమీటర్లు. లీటరుకు 45 కిలోమీటర్లు నడిచే స్కూటరుపై వెళ్ళి రావడానికి లీటరుంపావుకు పైగా ఖర్చవుతుంది. యానాం ధర ప్రకారమే దాని విలువ దాదాపు 125 రూపాయలు. 5 లీటర్లు పోయించుకొంటే మిగిలేది 81 రూపాయలు. అనగా పెట్రోలు కొరకే వెళ్ళిన వ్యక్తి 44 రూపాయలు నష్టపోయి తిరిగివచ్చినాడు. ఎదుర్లంక వంతెన మీదుగా అమలాపురం వెళ్ళేవారు, పుదుచ్చేరిలో ఉద్యోగం చేసే కడలూరు వారు దారిలో పోయించుకొంటే మాత్రం అది లాభమే. కాని డబ్బాలలో, సీసాలలో పెట్రోలు నింపుకొని ఇండ్లలో దాచడం ప్రాణాపాయం కొనితెచ్చుకొనడమే అవుతుంది. ఏ ధర భేదమూ దానికి సరితూగదు.

ఇప్పుడు మరొక లెక్క చూద్దాం. దినానికి 20 కిలోమీటర్ల చొప్పున నెలకు 25 దినాలు ప్రయాణించే పుదుచ్చేరి ఉద్యోగికి అదే స్కూటరుపై 11 లీటర్లు కావాలి. తమిళనాడు ధరతో పోల్చితే అతనికి నెలకు కలిగే ఆదా రూ. 92 మాత్రమే. ఒకే వీధి నుండి ఒకే కార్యాలయానికి వెళ్ళే ఇద్దరు ఒకరి వాహనంపై ఒకరు వారం మార్చి వారం కలిసి ప్రయాణిస్తే, ఒక్కొక్కరికి అయిదున్నర లీటర్లు, అనగా 515 రూపాయలు మిగులుతవి. తక్కువ పన్ను ఇచ్చిన లాభానికి ఇది అయిదు రెట్లకు మించినది. ధర మన చేతిలో లేదు. లీటర్ల సంఖ్య మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉన్నది.

కూరగాయల బుట్టలో డీజిలు

పుదుచ్చేరి నడిబొడ్డున ఉన్న గూబేర్ మార్కెట్టును ప్రజలు పెద్ద మార్కెట్టని పిలుస్తారు. అటువంటి పట్టణ మార్కెట్టుకు వచ్చే సరుకులలో ఎక్కువభాగం లారీలపై రావలసినదే. మహారాష్ట్ర ఉల్లి, నీలగిరి క్యారెట్టు, మన మదనపల్లె టమాట తమిళ దేశపు మార్కెట్లకు దూరం నుండియే చేరుతున్నవి. 10 టన్నుల సరుకుతో 500 కిలోమీటర్లు వచ్చే లారీ లీటరుకు 4 కిలోమీటర్లు నడిస్తే 125 లీటర్ల డీజిలు కావాలి. డీజిలు 10 రూపాయలు పెరిగినచో అదనపు ఖర్చు 1,250 రూపాయలు. కిలోకు పన్నెండున్నర పైసలు. లారీ ఖాళీగా తిరిగి వెళ్ళినా 25 పైసలు.

ట్రాక్టరు, పంపుసెట్టు, మండీ నుండి దుకాణం వరకు చేర్చే చిన్న బండి వీటి ఖర్చు కూడ చేరి ఈ మొత్తం పెరుగుతుంది. అయినను డీజిలు పేరు చెప్పి కిలోకు అయిదు రూపాయలు పెంచిన వర్తకుని వినియోగదారుడు ప్రశ్నించవచ్చును.

అసలు భారం పడేది ఇంధనాన్ని తామే కాల్చి పొట్టపోసుకొనేవారిపై. దినానికి 100 కిలోమీటర్లు తిరిగే ఆటో లీటరుకు 25 కిలోమీటర్లు నడిస్తే 4 లీటర్లు కావాలి. లీటరు 10 రూపాయలు పెరిగితే ఆటోవాని దినసరి మిగులులో 40 రూపాయలు తగ్గుతవి. ఏడాదికి 300 దినాలు పనిచేసినా అది 12,000 రూపాయలు. తేంగాయ్‌తిట్టు రేవు నుండి కడలిలోకి వెళ్ళే మరపడవల స్థితి మరింత కష్టం. పలు దినాల వేటకు వందల లీటర్ల డీజిలు కావాలి. చేప దొరకకపోయినా డీజిలు కాలక తప్పదు. తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి 61 దినాలు వేటనిషేధం కూడ ఉన్నది. తక్కువ వాడండి అన్న హితవు ఇటువంటివారికి చాలదు. వారికి సహాయం సమాజం నుండి రావలసి ఉన్నది.

సహాయం ఏ రూపంలో ఉండాలన్నది కూడ పుదుచ్చేరి అనుభవంలోనే చూడవచ్చును. 2015 సెప్టెంబరులో చండీగఢ్‌తో పాటు ఇక్కడ రేషను బియ్యానికి బదులు బ్యాంకు ఖాతాలో నగదు జమచేసే పద్ధతి ప్రారంభమైనది. దీనివలన దళారుల బెడద తగ్గుతుంది. కాని బజారులో బియ్యం ధర పెరిగినప్పుడు అదే నగదుకు తక్కువ బియ్యం వస్తుంది. ధాన్యం రూపంలోని సహాయానికి ధరల పెరుగుదల సోకదు. పుదుచ్చేరిలో రేషను దుకాణాలు 2024లో తిరిగి తెరచుకొన్నవి.

పట్టణం చేయదగినది

లీటర్లు తగ్గించడం వ్యక్తి ఒక్కని వలన అయ్యే పని కాదు. నడచుటకు కాలిబాట, ఎక్కుటకు బస్సు లేనప్పుడు మనిషి స్కూటరు కొనక ఏమి చేయగలడు? ఈ విషయంలో పుదుచ్చేరి పాత పట్టణానికి సహజమైన అనుకూలత ఉన్నది. నేల సమతలం. వీధులు గళ్ళబట్టవలె తిన్ననివి. ఒక కొస నుండి మరొక కొసకు నడిచి చేరవచ్చును. సైకిలు ఇక్కడి జీవితంలో చిరకాలంగా భాగమై ఉన్నది. సముద్రతీరపు గూబేర్ వీధిలో సాయంకాలం నుండి మరునాటి ఉదయం వరకు వాహనాలను ఆపి, నడిచేవారికి విడిచిపెట్టే ఏర్పాటు ప్రజాదరణ పొందినది. షేర్ ఆటోలు, టెంపోలు ఒకే ఇంజనుపై పలువురిని చేరవేస్తున్నవి.

పొరుగు రాష్ట్రాలు మరొక మార్గం చేపట్టినవి. తమిళనాడు 2021లోను, తెలంగాణ 2023 డిసెంబరులోను, ఆంధ్రప్రదేశ్ 2025 ఆగస్టులోను మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం ప్రారంభించినవి. పొదుపు పద్ధతులను ప్రచారం చేయుటకు కేంద్ర ప్రభుత్వం 1978లో పెట్రోలియం పరిరక్షణ పరిశోధన సంఘాన్ని నెలకొల్పినది. గంటకు 45 నుండి 55 కిలోమీటర్ల వేగం, టైర్లలో తగినంత గాలి, సిగ్నలు వద్ద ఇంజను ఆపడం, వంటపాత్రపై మూత, కుక్కరు వాడకం వంటి సూచనలు చిన్నవిగా కనిపించినను ప్రతిదినం పాటిస్తే నెలాఖరుకు లెక్కలో తేలుతవి.

విద్యార్థులు ఒక చిన్న పరిశోధన చేయవచ్చును. ఒక నెల పాటు తమ ఇంట కొన్న పెట్రోలు లీటర్లను, తిరిగిన కిలోమీటర్లను, ప్రతి ప్రయాణపు అవసరాన్ని పుస్తకంలో వ్రాయవలెను. రెండవ నెలలో నడువదగినవి, కలిసి వెళ్ళదగినవి, మానదగినవి విడదీయవలెను. ఎన్ని రూపాయలు ఖర్చయినవన్నదాని కంటే ఎన్ని లీటర్లు ఖర్చయినవన్నదే అందులో ముఖ్యమైన అంకె. బోర్డుపై ధర రేపు ఎంత మారినను, మనకు అవసరం లేని లీటరుకు మనం చెల్లించవలసిన ధర శూన్యమే. ఆ విధంగా మిగిలిన ప్రతి లీటరు ఇంటి ఆదాయానికి ఆసరా అవుతుంది, దేశపు దిగుమతి భారాన్ని కూడ అంతమేరకు తగ్గిస్తుంది.