కాలువ క్రింది నేల, కాలువ లేని నేల

కృష్ణానది నల్లమల కొండలను ఒరసికొని, శ్రీశైలమును నాగార్జునసాగరమును దాటి, తూర్పు సముద్రమును చేరు త్రోవలో తన కుడిగట్టున విడిచిన విశాల భూభాగమే గుంటూరు, ప్రకాశం సీమలు. పడమట అడవి కొండలు, తూర్పున బంగాళాఖాతపు ఇసుక తీరము, నడుమ వేసవిలో నెఱ్ఱెలు విచ్చి, ఒక్క వానకే బంకయై కాలిని వదలని నల్లరేగడి. ఈ మన్ను కురిసిన నీటిని చాల దినములు పట్టి యుంచును గనుకనే కాలువలు లేని కాలమందును ఇచట ప్రత్తి, జొన్న, పొగాకు పండినవి. ఒక దేశమును వర్ణించునపుడు నదులు, ఖనిజములు, నగరములు, ప్రభుత్వము అని వేరువేరు అధ్యాయములుగా చెప్పుట పాఠ్యపుస్తకముల వాడుక. ఈ సీమలో మాత్రము అవి యన్నియు నీటి చుట్టునే తిరుగుచున్నవని నా నిశ్చితాభిప్రాయము.

1832–33 నాటి నందన కరవులో ఒక్క గుంటూరు ప్రాంతముననే లక్షకు పైగా జనము నశించిరి. ఆ ఘోరము తరువాత రెండు దశాబ్దములకు, 1855 నాటికి, బెజవాడవద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియై, తెనాలి, రేపల్లె ప్రాంతములు వరి మాగాణులైనవి. 1957లో దాని స్థానమున వెలసిన బ్యారేజికి టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టిరి. 1967లో సాగరు కుడికాలువకు నీరు వదలిన పిదప పలనాడు, నరసరావుపేట, వినుకొండ, అద్దంకి, దర్శి మెట్టల రూపము మారినది. మిరప యీ సీమకు ఇంత పెద్ద పంట అయినది ఆ నీటి చలువ వలననే.

మిరప పండించుట యొక యెత్తు, దానిని కాపాడుట మఱియొక యెత్తు. కోసిన కాయను కల్లములో పలుచగా పరచి, రాత్రి మంచు తగులకుండ పట్టాలు కప్పి, తెల్లవారగనే తిరుగవేసి, రంగు విరిగిన తాలుకాయను ఏరి వేఱు కుప్ప పోసి, మేలైనదానిని టిక్కీలకు, అనగా గోనెసంచులకు, ఎత్తి గుంటూరు యార్డుకు తోలుదురు. అక్కడ వ్యాపారి టిక్కీ మూతి విప్పి, గుప్పెడు కాయ తీసి, రంగును, ముడతను, తేమను చూచి ధర పలుకును. మిరపలో తేజ రకమునకు కారము, బాడిగ రకమునకు రంగు ప్రధానము. 334 రకము ఈ ఊరి ప్రక్కనున్న లాం పరిశోధన క్షేత్రమున పుట్టినదే. ఆసియాలోనే పెద్దదని పేరొందిన యీ విపణి వైభవమును చెప్పుకొను మనము, 1980లలో తెల్లదోమ ప్రత్తిని తినివేయగా అప్పుల పాలై పురుగుమందు త్రాగి ప్రాణములు విడిచిన యీ సీమ రైతులను మఱువరాదు. అది నేల తప్పు కాదు. రైతుకు అప్పు పుట్టిన చోటు, మందు దొరకిన చోటు, ధర నిర్ణయమైన చోటు మూడును అతని చేతిలో లేని తప్పు.

అమెరికా ఖండములలో పుట్టిన మిరప పోర్చుగీసుల ఓడలలో మనకు వచ్చెను; మన ఒంగోలు గిత్త ఆ ఖండములకే పోయి, బ్రెజిలు దేశపు పశుసంపదకు మూలస్తంభమైనది. నేడు ఈ జాతి సంతతి పుట్టినింటి కంటె అక్కడనే యెన్నో రెట్లు అధికముగా నుండుట మనము ఆలోచింపవలసిన విషయము. బంగారు చుక్కలతో మెఱయు చీమకుర్తి నల్లరాయి, పలనాటి సున్నపురాయి, ఒకప్పుడు పిల్లల చేతులకందిన మార్కాపురపు పలకలు ఈ నేల గర్భమునందలివి. ఇక నేలపై పండు పొగాకునకు ఏర్పడిన బోర్డు 1976 నుండి గుంటూరులో నున్నది.

గుంటూరు 1954 నుండి 1956 వఱకు ఆంధ్ర రాష్ట్రపు హైకోర్టుకు నెలవు. శాతవాహనుల ధాన్యకటకము వెలసిన కృష్ణాతీరమున 2015లో అమరావతి రాజధానికి శంకుస్థాపన జరిగినది. జిల్లా గీతలు మాత్రము నిలకడగా నున్నవి కావు. 1859లో గుంటూరు జిల్లా రద్దయి, 1904లో మరల ఏర్పడెను. 1970లో ఒంగోలు జిల్లా విడివడి, 1972లో ప్రకాశం పేరు దాల్చెను. 2022లో పలనాడు, బాపట్ల జిల్లాలు పుట్టెను. ప్రజల సమ్మతి లేని గీత యెట్టిదో 1921లో చీరాల, పేరాల ప్రజలు చూపిరి. తమ యూళ్లను మునిసిపాలిటీగా చేసి పన్నులు పెంచిన మద్రాసు ప్రభుత్వమునకు లొంగక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఇండ్లు విడిచి, ఊరి వెలుపల రామనగరమున పాకలలో నెలల తరబడి నివసించిరి. ఆ జనము కోరినది పదవులు కాదు. తమ ఊరి వ్యవహారములో తమ మాటకు విలువ.

నేడు ఆ విలువకై ఎదురుచూచుచున్నది ప్రకాశం సీమ పడమటి భాగము. కనిగిరి వైపు బావులలో ఫ్లోరైడు నీరు త్రాగి పండ్లు గారపట్టి, ఎముకలు వంగిన వారున్నారు. శ్రీశైలపు నీటిని నల్లమల కొండల క్రింద 18 కిలోమీటర్లకు పైబడిన సొరంగములలో తెచ్చు వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగినది. పాఠకులు జిల్లా పేర్లకై వాదించు శ్రద్ధలో సగమైనను ఈ నీటికై చూపవలెను. ఓటడుగ వచ్చిన ప్రతి అభ్యర్థిని, పార్టీ యేదైనను, వెలిగొండ నీరు మీ పొలమునకు ఏ యేట వచ్చునో మొదట అడుగుడు.