ఒక్క చుక్కే కదా అనుకోవద్దు

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో మొదలైన అంబాసిడర్ కారు తయారీ 2014లో ఆగిపోయింది. అయినా నాన్నగారి బండి, తాతగారి బండి అని దాన్ని ప్రేమగా కాపాడుకుంటున్న కుటుంబాలు మన మధ్య ఇంకా ఉన్నాయి. నడవలేని పెద్దలను ఆరాధనకు, రోగులను ఆస్పత్రికి చేర్చిన బండ్లవి. వాటికి కొత్త రంగు వేయిస్తాం, సీట్లు కుట్టిస్తాం. మరి కంటికి కనబడని బ్రేకుల మాటేమిటి?

బ్రేకు పనిచేసే తీరు

మూసి ఉన్న ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పోతుందని చెప్పినవాడు బ్లేజ్ పాస్కల్ (1623–1662). ఆయన శాస్త్రజ్ఞుడే కాదు, విశ్వాసాన్ని గురించి లోతుగా రాసిన క్రైస్తవుడు కూడా. మన కాలు పెడల్‌ను నొక్కగానే మాస్టర్ సిలిండర్‌లోని ఆయిల్, గొట్టాల గుండా చక్రాల దగ్గరున్న వీల్ సిలిండర్లను తోస్తుంది. అవి షూలను డ్రమ్ముకు ఒత్తుతాయి. పాత అంబాసిడర్లలో నాలుగు చక్రాలకూ కలిపి ఆయిల్ మార్గం ఒక్కటే. ఒక్కచోట తెగినా నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. అప్పుడు మిగిలేది హ్యాండ్ బ్రేకు మాత్రమే.

పని చేసేటప్పుడు

చాలాసార్లు ఆయిల్ కారడం సర్వీసింగ్ రోజునే మొదలవుతుంది. మనమే చేసుకున్నా, షెడ్డులో చేయించినా ఈ సంగతులు గమనిద్దాం.

బండిని చదునైన నేలపై ఆపి, చక్రాలకు అడ్డు పెట్టి, జాకీతో లేపాక స్టాండ్ల మీద నిలపాలి. జాకీని మాత్రమే నమ్మి కిందకు దూరకూడదు.

డ్రమ్ము ఊడదీసి ఉన్నప్పుడు ఎవరూ పెడల్ నొక్కకూడదు. నొక్కితే వీల్ సిలిండర్‌లోని పిస్టన్లు బయటికి వచ్చేస్తాయి, ఆయిలంతా షూల మీద పడుతుంది. పిల్లలు సీటులో కూర్చుని ఆడుకోకుండా చూడాలి. పిస్టన్లను గట్టి రబ్బరు బ్యాండుతో కట్టి ఉంచడం మంచిది.

గొట్టం విప్పాల్సి వస్తే, ఆయిల్ డబ్బా మూత కింద పలుచని ప్లాస్టిక్ కాగితం పెట్టి బిగించాలి. మూతకున్న గాలి రంధ్రం మూసుకుంటే ఆయిల్ అంతగా కారదు. పని కాగానే ఆ కాగితాన్ని తప్పక తీసేయాలి. విప్పిన కొనలకు శుభ్రమైన మూతలు పెట్టాలి. రబ్బరు గొట్టాన్ని పట్టుకారుతో నొక్కి ఆపితే లోపల చిట్లిపోతుంది.

రబ్బరు గొట్టం ఇనుప గొట్టంతో కలిసేచోట రెండు పానాలు వాడాలి. ఒకటి పట్టుకోవడానికి, ఒకటి తిప్పడానికి. లేకపోతే సన్నని గొట్టం మెలిపడి పగులుతుంది. రాగి వాషర్లున్నచోట ప్రతిసారీ కొత్తవే వేయాలి.

రబ్బరు కప్పులను పెట్రోలుతోగాని కిరసనాయిలుతోగాని కడగకూడదు. అవి ఉబ్బి పాడవుతాయి. కొత్త బ్రేకు ఆయిల్‌తోనే శుభ్రం చేయాలి. సిలిండర్ లోపల తుప్పు గుంతలు కనిపిస్తే కప్పులు మార్చినా లాభం లేదు, సిలిండర్‌నే మార్చాలి. ఆయిల్ తాగిన లైనింగును తుడిచి మళ్లీ వాడకూడదు.

బ్రేకు ఆయిల్ రంగును తినేస్తుంది. బండి మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి. అది గాలిలోని తేమను కూడా పీలుస్తుంది. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, తేమ చేరాక 140 డిగ్రీలకే మరగవచ్చు. అందుకే రెండేళ్లకోసారి మార్చడం మంచిది. మూత తీసి ఉంచిన సీసాలోది, గాలి తీసేటప్పుడు బయటికి వచ్చినది తిరిగి పోయకూడదు.

బయలుదేరే ముందు

గాలి తీయడం పూర్తయ్యాక పెడల్‌ను గట్టిగా నొక్కి ఒక నిమిషం పట్టి ఉంచాలి. స్పాంజిలా మెత్తగా ఉంటే లోపల గాలి ఉన్నట్టు. మెల్లగా కిందికి దిగిపోతుంటే ఎక్కడో కారుతున్నట్టు, లేదా మాస్టర్ సిలిండర్ లోపల అరిగినట్టు. ఇంకొకరు ప్రతి అతుకునూ పొడి కాగితంతో తుడిచి చూడాలి. కాగితం తడిస్తే పని పూర్తి కానట్టే. ఆ తర్వాత ఖాళీ స్థలంలో మెల్లగా నడిపి చూసి, మరునాడు ఆయిల్ మట్టాన్ని, చక్రాల లోపలి వైపును మళ్లీ గమనించాలి. అనుమానం తీరేదాకా ఇంటివారిని ఎక్కించుకోవద్దు.

ప్రియ పాఠకులారా, కొత్త ఇల్లు కట్టేవాడు పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టాలని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో దేవుడు ఆజ్ఞాపించాడు. ఎవరైనా పడి చనిపోతే ఆ దోషం ఇంటివాడిదే. మన బండికి బ్రేకే పిట్టగోడ. ప్రయాణానికి ముందు ప్రార్థన చేసే మనం, ఆ చక్రాల పక్కన ఒకసారి వంగి చూడటాన్ని కూడా భక్తిలో భాగంగానే ఎంచుదాం. వెనుక సీటులో కూర్చున్నవారి ప్రాణాలనూ, రోడ్డు దాటే పొరుగువాని ప్రాణాన్నీ ప్రభువు మన చేతికి అప్పగించాడు.