యంత్రానికి తోడు నోటిలెక్క

మిన్నెసోటా రాష్ట్రంలో సంక్రాంతి అంటే ముగ్గు వేయటానికి ముంగిలి కనబడని రోజులు. ఆనాటి సాయంత్రం ఒక మిత్రుని ఇంట విందు. వంటలో చేయిసాయానికని నా శ్రీమతి, అమ్మాయి ముందుగానే వెళ్ళారు. మనుమరాలిని చూడటానికి రాజమండ్రి నుంచి వచ్చిన మా నాన్నగారు, నేను తరువాత వేరే కారులో బయలుదేరాము. మిత్రుడు కొత్తగా ఇల్లు కొనుక్కొన్న ఊరు మాకు నలభై మైళ్ళ దూరం. దారి ఏమిటో నేను ముందుగా చూసుకోలేదు. ఫోను చెబుతుంది గదా అన్న ధీమా.

పొలాల మధ్య రోడ్డు మీద ఉండగా, టైరులో గాలి తగ్గిందని హెచ్చరించే దీపం వెలిగింది. కారు పక్కకు ఆపి, ఫోను వెలుతురులో నాలుగు టైర్లూ పరీక్షించేసరికి పదిహేను నిమిషాలు పట్టింది. బయట సున్నాకు దిగువన 24 డిగ్రీల సెల్సియస్. టైర్లు బాగానే ఉన్నాయి. ఫోను మాత్రం చేతిలోనే ఆరిపోయింది. చార్జి చేసే తీగ ఇంట్లో మరచిపోయాను. ఎటు పోవాలో తెలియదు. మిత్రుని నంబరు గుర్తులేదు. అంతకన్న సిగ్గుచేటు, నా భార్య నంబరులో మొదటి మూడంకెలు తప్ప తక్కినవి నోటికి రాలేదు. నాన్నగారికి మధుమేహం. మందు వేసుకొని బయలుదేరారు. భోజనం ఆలస్యమైతే ఆయనకు కళ్ళు తిరుగుతాయి.

"ఒరేయ్, కంగారుపడకు" అంటూ ఆయన చొక్కా జేబులోనుంచి చిన్న నోటుపుస్తకం తీశారు. అందులో కోడలి నంబరు ఆయన చేతివ్రాతతో ఉంది. దూరాన దీపాలు కనిపిస్తున్న గ్యాస్ స్టేషనుకు చేరి, అక్కడివారి ఫోను అడిగి మాట్లాడాము. నీళ్ళ ట్యాంకు దాటగానే ఎడమకు తిరగమన్నారు. అది మేము అంతకు ముందే దాటివచ్చిన ట్యాంకు!

మిత్రుని ఇంటి వెచ్చదనంలో ఒక అరగంట గడిచాక ఫోను మళ్ళీ వెలిగింది. ఇంకా 41 శాతం చార్జి ఉన్నట్లు చూపింది. ముప్ఫయ్యేళ్ళు లెక్కల మాష్టారుగా పనిచేసిన నాన్నగారు వెంటనే అడిగారు: "శక్తి ఉండగా ఎందుకు ఆరిందిరా? లేనప్పుడు గదా ఆరవలసింది?" రసాయన శాస్త్రం చదివినవాడిని గనుక ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగాను. ఆ వెనుకనే నాలో పుట్టిన మరొక ప్రశ్నకు మాత్రం జవాబు అంత త్వరగా దొరకలేదు. ఈ వ్యాసం ఆ రెండింటి గురించి.

చలికి ముడుచుకొన్న బ్యాటరీ

మన ఫోనులలో ఉండేది లిథియం అయాను బ్యాటరీ. 1991లో సోనీ సంస్థ దీనిని మొదట విపణిలోకి తెచ్చింది. దీని నిర్మాణానికి మూలమైన పరిశోధనలకు గాను జాన్ గుడినఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకీరా యోషినోలకు 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఇందులో ఒకవైపు గ్రాఫైటు, మరొకవైపు కోబాల్టు వంటి లోహాల ఆక్సైడు, నడుమ లిథియం లవణం కరిగిన ద్రావణం ఉంటాయి. ఫోను పనిచేస్తున్నంతసేపూ లిథియం అయానులు గ్రాఫైటు పొరల నుంచి వెలువడి, ద్రావణాన్ని ఈది, ఆవలి ఒడ్డు చేరుతుంటాయి. అదే సమయంలో ఎలక్ట్రానులు బయటి తీగెల గుండా ప్రయాణించి ఫోనును నడుపుతాయి.

తీవ్రమైన చలిలో ఈ ద్రావణం చిక్కబడుతుంది. నీటిలో ఈదినట్లు సాగవలసిన అయానులు ఆముదంలో ఈదినట్లు కదులుతాయి. అంటే బ్యాటరీ అంతర్గత నిరోధం పెరుగుతుంది. దీపం వెలిగించి ఎక్కువ విద్యుత్తు అడిగేసరికి వోల్టేజి ఒక్కసారిగా పడిపోతుంది. వోల్టేజి ఒక హద్దుకన్న తగ్గితే తనంతట తాను ఆగిపోయే ఏర్పాటు ఫోనులో ఉంది. గాదెలో ధాన్యం ఉంది; తలుపు బిగుసుకుపోయింది. వెచ్చబడగానే తలుపు తెరుచుకొంది. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. బాగా చల్లబడిన బ్యాటరీని వెంటనే చార్జి చేయరాదు. అయానులు గ్రాఫైటు పొరలలోకి చొరబడలేక దాని పైనే లోహంగా పేరుకొని, బ్యాటరీకి శాశ్వతమైన నష్టం కలిగిస్తాయి. ముందు గది వేడికి రానివ్వాలి.

నాన్నగారి ప్రశ్నకు ఇది జవాబు. నాలో పుట్టిన ప్రశ్న ఇది: యంత్రం మీద ఆధారపడటంలో తప్పు ఎక్కడ మొదలవుతుంది? ఆధారపడటమే తప్పు అనలేము. తిరగలిని, బండి చక్రాన్ని, అచ్చు పుస్తకాన్ని నమ్ముకొని బ్రతికినవారే మన పెద్దలు కూడా. ఆ రాత్రి నాన్నగారు ఆధారపడ్డ నోటుపుస్తకం కూడా ఒక పనిముట్టే. మరి తేడా ఏమిటి?

దారి తప్పిన ఓడ

దారి చూపే జీపీఎస్ వ్యవస్థ మానవ మేధస్సు సాధించిన అద్భుతాలలో ఒకటి. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున కనీసం 24 ఉపగ్రహాలు, ఒక్కొక్క దానిలో పరమాణు గడియారాలు. ప్రతి ఉపగ్రహమూ తన స్థానాన్నీ, సమయాన్నీ రేడియో తరంగాలలో చాటుతూ ఉంటుంది. నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందిన కాలాలను పోల్చి, మనమెక్కడున్నామో పరికరం లెక్క కడుతుంది. కాంతి ఒక్క మైక్రోసెకనులో 300 మీటర్లు ప్రయాణిస్తుంది. కాబట్టి గడియారంలో సెకనులో పది లక్షలవ వంతు పొరపాటు వచ్చినా, దూరం లెక్కలో 300 మీటర్ల తేడా వస్తుంది. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం ప్రకారం ఈ గడియారాలు భూమి మీది గడియారాలకన్న రోజుకు 38 మైక్రోసెకనులు ముందుకు పరుగెత్తుతాయి. దానిని కూడా సరిచేసిన తరువాతనే మనకు దారి తెలుస్తోంది.

ఇంతటి వ్యవస్థను నమ్ముకొనే 1995 జూన్‌లో రాయల్ మెజెస్టీ అనే విహార నౌక బెర్ముడా నుంచి బోస్టనుకు బయలుదేరింది. బయలుదేరిన కొద్దిసేపటికే జీపీఎస్ యాంటెన్నా తీగ ఊడిపోయింది. ఉపగ్రహాల సంకేతాలు అందక ఆ పరికరం, ఓడ వేగాన్నీ దిశనూ బట్టి స్థానాన్ని ఊహించి చూపటం మొదలుపెట్టింది. ఆ మార్పును చిన్న అక్షరాలలో తెలియజేసింది కూడా. కానీ ఎవరూ గమనించలేదు. గాలి, ప్రవాహం ఓడను పక్కకు నెడుతున్నాయి. తెర మీద మాత్రం ఓడ సరైన దారిలోనే సాగుతోంది. సుమారు 34 గంటలు ఇలా గడిచాయి. రాడారులో కనిపించిన గుర్తును కూడా, తెర చెప్పినదానికి అనుగుణంగా, తాము ఎదురుచూస్తున్న గుర్తే అనుకొన్నారు. జూన్ 10వ తేదీ రాత్రి ఆ ఓడ నాన్‌టకెట్ దీవికి తూర్పున ఇసుకదిబ్బ ఎక్కింది. అప్పటికి అది దారికి 17 మైళ్ళు ఎడంగా ఉంది. అందులోని 1,500 మందికి పైగా జనంలో ఎవరికీ ప్రాణాపాయం కలగకపోవటం అదృష్టం.

ఓడలో వేరే సాధనాలు లేకపోలేదు. వాటితో పోల్చి చూసే అలవాటు పోయింది. నక్షత్రాలను బట్టి ఓడ స్థానం కట్టే విద్యను బోధించటం మానివేసిన అమెరికా నౌకాదళ అకాడమీ, 2015లో దానిని తిరిగి పాఠ్యాంశంగా చేర్చటం వెనుక ఉన్న భయం కూడా ఇటువంటిదే.

కిరసనాయిలు నీటి మీద తేలుతుంది

మా రాష్ట్రానికి ఉత్తరాన సరిహద్దు దాటితే కెనడాలోని మానిటోబా. అక్కడ గిమ్లీ అనే చిన్న ఊరు ఉంది. 1983 జూలై 23న, ఇంధనం పూర్తిగా అయిపోయిన ఒక బోయింగ్ 767 విమానం అక్కడి పాత వైమానిక స్థావరంలో దిగింది. అది ఎయిర్ కెనడావారి 143వ నంబరు విమానం. మాంట్రియల్ నుంచి ఎడ్మంటనుకు బయలుదేరింది.

జరిగినది ఇది. ఇంధనం ఎంత ఉన్నదో చూపే మీటరు పనిచేయటం లేదు. అందుచేత కొలకర్ర ముంచి చూశారు. 7,682 లీటర్లు ఉన్నాయని తేలింది. ప్రయాణానికి కావలసినది 22,300 కిలోగ్రాములు. లీటర్లను కిలోగ్రాములుగా మార్చటానికి సాంద్రత చేత గుణించాలి. కానీ వారు వాడిన 1.77 అన్న సంఖ్య ఒక లీటరు బరువును పౌనులలో తెలిపేది. కిలోగ్రాములలో అయితే 0.8 వాడాలి. ఆ విమానయాన సంస్థ అప్పుడప్పుడే మెట్రిక్ కొలతలకు మారుతోంది. తప్పు సంఖ్యతో గుణించి 13,597 కిలోగ్రాములు ఉన్నాయనుకొన్నారు. నిజానికి ఉన్నది 6,170 కిలోగ్రాములు. పైన ఇంకొక 4,916 లీటర్లు పోసి, అంతా సరిపోయిందనుకొన్నారు. ఆ విమానం కావలసిన ఇంధనంలో సగమైనా లేకుండా ఎగిరింది.

ఆ గుణకారాన్ని ఒకటికి రెండుసార్లు చేసి చూశారు. ప్రతిసారీ అదే జవాబు. కానీ విమాన ఇంధనం మన కిరసనాయిలుకు దగ్గరి చుట్టం. చిన్నతనంలో లాంతరులో నూనె పోసినవారందరికీ తెలుసు, కిరసనాయిలు నీటి మీద తేలుతుందని. తేలుతుందంటే లీటరు కిరసనాయిలు బరువు లీటరు నీటికన్న, అంటే కిలోగ్రాముకన్న తక్కువ. అటువంటప్పుడు 7,682 లీటర్లు 7,682 కిలోగ్రాములకన్న తక్కువే తూగాలి గాని, 13,597 ఎలా తూగుతాయి? కాగితం, కాలిక్యులేటరు అక్కరలేని నోటిలెక్క ఇది.

ఆ లెక్క చూసేవారు ఎందుకు లేకపోయారన్నది మరింత ఆలోచింపజేస్తుంది. అంతకు ముందటి పెద్ద విమానాలలో ఇద్దరు పైలట్లకు తోడు ఫ్లైట్ ఇంజనీరు ఉండేవాడు. ఇంధనం లెక్క ఆయన బాధ్యత. 767లో ఆ పని కంప్యూటరు చేస్తుంది గనుక ఆ మూడవ మనిషిని తీసివేశారు. కంప్యూటరు మూలపడిన రోజున ఆ పని ఎవరిదో ఎవరికీ స్పష్టంగా తెలియలేదు. యంత్రం మన పని తీసుకొన్నప్పుడు, ఆ పనికి ఉన్న బాధ్యత కూడా నిశ్శబ్దంగా మాయమవుతుందన్నమాట.

అయినా విమానంలోని 69 మందీ బ్రతికారు. కెప్టెన్ బాబ్ పియర్సన్‌కు ఇంజను లేని గ్లైడరు విమానాలు నడిపిన అనుభవం ఉంది. సహపైలట్ మోరిస్ క్వింటాల్ ఒకప్పుడు గిమ్లీ స్థావరంలో పనిచేసినవాడు. యంత్రాలు ఆగిన క్షణంలో అక్కరకు వచ్చినవి పాతకాలపు నేర్పు, ఊరి ఎరుక.

ప్రయోగశాల నేర్పిన పాఠం

మా వృత్తిలో యంత్రాలు లేనిదే పూట గడవదు. అయినా ఒక కట్టుబాటు ఉంది. తెలియని పదార్థాన్ని పరీక్షించే ముందు, జవాబు ముందే తెలిసిన ప్రమాణ ద్రావణాన్ని పరీక్షిస్తాము. తులలో పదార్థం పెట్టేముందు, బరువు తెలిసిన రాయి పెట్టి చూస్తాము. యంత్రం సరిగా ఉన్నదా అని ఆ యంత్రాన్నే అడిగితే ప్రయోజనం లేదు. వేరే సాక్షి కావాలి. సరిచూడగలిగినంత కాలం యంత్రం మనకు సేవకుడు. సరిచూడటం చేతగాని నాటి నుంచి మనం దాని దయ మీద బ్రతుకుతున్నట్లే. తేడా అక్కడ ఉంది.

నాన్నగారి తరం ఇంజనీర్లు వాడిన స్లైడ్ రూలు అంకెలు చెప్పేది గాని, దశాంశ బిందువు ఎక్కడ పెట్టాలో చెప్పేది కాదు. జవాబు 20కి దగ్గరా, 200కు దగ్గరా అన్నది మనిషే ముందుగా ఊహించుకోవాలి. 1972లో హ్యూలెట్ పాకార్డ్ సంస్థ జేబులో పట్టే హెచ్‌పీ-35 కాలిక్యులేటరును తెచ్చింది. ఆ తరువాత కొద్ది ఏళ్ళలోనే స్లైడ్ రూళ్ళు మూలపడ్డాయి. శ్రమ తగ్గింది, సంతోషమే. దానితోపాటు అంచనా వేసే అలవాటు కూడా తగ్గింది.

యంత్రాలను వదలమని నేను అనటం లేదు. వేలికొసన రక్తపు చుక్కతో చక్కెర కొలిచే చిన్న పరికరం మా నాన్నగారికి రోజూ అవసరమే. ఒక ఉదయం అది మామూలుకన్న చాలా ఎక్కువ చూపింది. ఆయన హడలిపోలేదు. "ఇప్పుడే నారింజ వొలిచాను గదా" అని సబ్బుతో చేతులు కడిగి, తుడుచుకొని, మరొక వేలి నుంచి పరీక్షించారు. ఎప్పటి సంఖ్యే వచ్చింది. వేలికి అంటిన పండురసంలోని చక్కెర కూడా పరికరం లెక్కలోకి చేరుతుంది. పరికరాన్ని నమ్మటమూ, సరిచూడటమూ ఒకదానికొకటి విరోధం కావు.

ఆ సంక్రాంతి తరువాత మా ఇంట్లో కొన్ని అలవాట్లు మొదలయ్యాయి. మా అమ్మాయికి మూడు ఫోను నంబర్లు కంఠతా వచ్చు. కొత్త ఊరికి బయలుదేరేముందు పటం ఒకసారి చూసి, మలుపుల దగ్గరి గుర్తులు ఒక కాగితం మీద వ్రాసుకొంటాము. అంగడిలో బిల్లు వచ్చేలోగా తాతా మనుమరాళ్ళు మొత్తం ఎంతవుతుందో నోటితో లెక్క కడతారు. నాన్నగారు రాజమండ్రికి తిరిగి వెళ్ళాక కూడా ఆ పందెం ఆగలేదు. అమ్మాయి ఫోనులో బిల్లు చూపిస్తుంది, తాతగారు అంచనా చెబుతారు. వేల మైళ్ళ అవతల ఉన్న తాతగారిని కళ్ళ ఎదుటికి తెస్తున్నది ఆ ఫోనే. అందుకు దానికి ఎంతైనా రుణపడి ఉన్నాము. ఆయన నంబరు మాత్రం ఇప్పుడు మా ముగ్గురికీ నోటికి వచ్చు.