ఇంటి సర్వరుకు దారి ఎక్కడ తెగింది?

మోటారు తిరగడం లేదని కబురు రాగానే మోటారును విప్పి కూర్చునే వారిని విద్యుత్ నిర్వహణ విభాగంలో ఎవరూ మెచ్చుకోరు. ముందు సరఫరా ఉన్నదో లేదో టెస్టు ల్యాంపుతో చూడాలి. ఫ్యూజు, స్టార్టరు, కేబులు దాటి వచ్చిన తరువాతనే మోటారు వంతు. ఏళ్ల తరబడి కొత్తవారికి ఈ పాఠం చెబుతూ వచ్చిన నేను స్వగృహంలో దానిని పూర్తిగా మరచిన వైనాన్ని సహోద్యోగుల ముందు ఉంచుతున్నాను.

మా అమ్మగారు పాడిన మంగళహారతులు, పెళ్లిపాటలు పదకొండు క్యాసెట్లలో ఉన్నాయి. ఆమె గతించిన తరువాత వాటిని కంప్యూటరులోకి ఎక్కించాను. నాగపూరులో ఉంటున్న మా అక్కయ్య మోకాలి శస్త్రచికిత్స వల్ల సాంవత్సరికానికి రాలేకపోయింది. ఆ రోజుకైనా అమ్మ గొంతు వినిపించమని అడిగింది. ఫోనులో పంపితే సరిపోదా అని మా అబ్బాయి అన్నాడు. కాని పదకొండు క్యాసెట్లూ ఒకచోట ఉండాలని, ఆమె కోరిన పాటను కోరినప్పుడు వినాలని నా ఆశ. నిజం చెప్పాలంటే కొంత సరదా కూడా. మూలన పడి ఉన్న డెస్క్‌టాప్‌లో లినక్స్ వేసి, దానికి ఒక స్థిరమైన చిరునామాను చేత్తో వ్రాసి, సర్వరుగా మార్చాను.

ఇంట్లోని ఫోన్లలో పాటలు వినిపించాయి. సర్వరుకు మాత్రం ఇంటర్నెట్ అందలేదు. కేబులు మార్చాను, నెట్‌వర్క్ కార్డు మార్చాను, లినక్స్‌ను రెండుసార్లు మళ్లీ వేశాను. రెండు ఆదివారాలు గడిచాయి. "మీ ప్లాంటులో కూడా ముందు మోటారే మారుస్తారా?" అని మా ఆవిడ అడిగిన తరువాత గాని నాకు జ్ఞానోదయం కాలేదు.

అప్పుడు దగ్గర నుండి దూరానికి వరుసగా చూసుకుంటూ వెళ్లాను. కేబులు పెట్టిన చోట దీపం వెలుగుతున్నది. రౌటరు చిరునామా 192.168.1.1కు పింగ్ పంపితే జవాబు వచ్చింది. గూగుల్ వారి 8.8.8.8కు పంపితే దారి లేదన్నది. అంటే లోపం రౌటరు దాటే చోటనే ఉన్నది. చూడగా గేట్‌వే గడి ఖాళీ! ఇంటి లోపలి యంత్రాలు పరస్పరం మాట్లాడుకోవడానికి గేట్‌వే అవసరం లేదు కనుకనే పాటలు వినిపించి నన్ను మోసగించాయి. ఆ గడి నింపాక 8.8.8.8 పలికింది గాని, ఏ వెబ్‌సైటు పేరూ పలకలేదు. అంకెకు జవాబు వచ్చి పేరుకు రాకపోతే తప్పు డీఎన్‌ఎస్‌ది. ఆ గడి కూడా ఖాళీయే. చేత్తో వ్రాయడం మాని, చిరునామాను రౌటరే ఇచ్చేటట్లు చేసి, ఆ యంత్రానికి ఎప్పుడూ అదే చిరునామా దక్కేటట్లు రౌటరులో ప్రత్యేకించి ఉంటే ఈ రెండు తప్పులకూ తావుండేది కాదు.

అసలు చిక్కు తరువాత వచ్చింది. రౌటరులో పోర్టు తెరిచినా నాగపూరు నుండి సర్వరు అందలేదు. ఇంట్లోనే కూర్చుని బయటి చిరునామాతో పరీక్షించడం నమ్మదగినది కాదు. కొన్ని రౌటర్లు లోపలి నుండి బయటికి పోయి తిరిగి లోపలికి వచ్చే ప్రయాణాన్ని అనుమతించవు. అందుచేత వైఫై ఆపి, మొబైల్ డేటాతో ప్రయత్నించాను. ఫలితం శూన్యం. సేవాసంస్థ వారికి ఫోను చేస్తే రౌటరును ఆపి మళ్లీ వేయమని మూడుసార్లు చెప్పారు.

చివరకు రౌటరులో బయటి వైపు చిరునామా చూశాను. అది 100.72తో మొదలైంది. 100.64 నుండి 100.127 వరకు గల చిరునామాలను సేవాసంస్థల అంతర్గత వాడకానికై 2012లో ప్రత్యేకించారు. ఐపీవీ4 పద్ధతిలో ఉన్నవి సుమారు 429 కోట్ల చిరునామాలే. 2011 ఫిబ్రవరి 3న కేంద్ర నిల్వలోని చివరి భాగాలు అయిదు ప్రాంతీయ సంస్థలకు పంపిణీ అయిపోయాయి. కొరత వల్ల అనేక ఇళ్లకు ఒకే బహిరంగ చిరునామాను పంచుతున్నారు. మన కార్యాలయపు ఇంటర్‌కామ్ వంటిదే ఇది. లోపలి నుండి బయటికి ఎవరైనా మాట్లాడవచ్చు. బయటివారు ప్రధాన నంబరుకు చేస్తే మాత్రం ఏ బల్లకు కలపాలో తెలియదు. ఇంటి రౌటరులో ఎన్ని పోర్టులు తెరిచినా ప్రయోజనం లేకపోవడానికి కారణం ఇదే.

స్థిర చిరునామాకు నెలనెలా అదనపు రుసుము అడిగారు. అదృష్టవశాత్తు మా కనెక్షనుకు ఐపీవీ6 ఉన్నది. అందులో చిరునామాలకు కరువు లేదు కనుక సర్వరుకు సొంత చిరునామా దక్కింది. అక్కయ్య ఫోనులోనూ ఐపీవీ6 ఉన్నదని ముందే చూసుకున్నాను. రౌటరు రక్షణ గోడలో వైర్‌గార్డ్‌కు ఒక్క పోర్టు మాత్రమే తెరిచాను. పాటల ఫోల్డరును నేరుగా లోకానికి తెరిచి ఉంచడం తాళం లేని ఇంటిని విడిచి వెళ్లడమే కనుక ఆ పని చేయలేదు.

సాంవత్సరికం నాటి సాయంత్రం అక్కయ్య ఫోను చేసింది. ఏడవ క్యాసెట్టులో అమ్మ హారతిని మధ్యలో ఆపి ఎవరినో కసురుకున్నది, ఎవరినో గుర్తున్నదా అని అడిగింది. నన్నే.