పాత బల్లకు కాగితపు సొగసు

సంతలోనో వేలములోనో చౌకగా కొన్న పాత బల్ల గీతలు పడి, వెలసిపోయి ఉండవచ్చును. కొయ్య గట్టిదైనచో దానిని పారవేయ నక్కరలేదు. బొమ్మల కాగితములను కత్తిరించి, బల్లపై అంటించి, పైన వార్నిషు పూసి దానికి కొత్త అందము కల్పించు కళ ఒకటి కలదు. దాని పేరు డెకుపాజ్. కత్తిరించుట అను అర్థముగల ఫ్రెంచి మాటనుండి ఈ పేరు పుట్టినది.

18వ శతాబ్దములో ఐరోపా ధనికులకు చైనా, జపాను దేశముల లాకరు సామానుపై మోజు హెచ్చెను. ఒకజాతి చెట్టు పాలతో మెరుగు పెట్టిన ఈ సామాను వెల చాల ఎక్కువ. అందుచే వెనిస్ నగరపు పనివారు అచ్చుబొమ్మలను కత్తిరించి కొయ్య సామానుపై అంటించి, రంగులద్ది, వార్నిషు పూతలతో కప్పి లాకరును అనుకరించిరి. ఈ పనికి 'లాకా పోవెరా', అనగా పేద లాకరు, అను పేరు నిలిచినది.

చూచుటకు సులభమైన ఈ పనిలో జయాపజయములను చాలవరకు నిర్ణయించునది నీరు. మొదట బల్లపై ఒక నీటిచుక్క వేసి చూడవలెను. చుక్క పూసవలె నిలిచినచో అచ్చట మైనమో నూనెజిడ్డో ఉన్నదన్నమాట. నీటితో కలిపిన జిగురు అచ్చట పట్టదు. సబ్బునీటితో కడిగి ఆరబెట్టవలెను.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. పాత రంగులలో సీసము ఉండవచ్చును. ఇంటి రంగులలో సీసము పదిలక్షల భాగములకు 90 భాగములు మించరాదను నిబంధన మన దేశములో 2017 నవంబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. అంతకు పూర్వపు రంగును గరుకు కాగితముతో పొడిగా రుద్దినచో సీసపు ధూళి లేచును. అది పిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేయును. రంగు పెచ్చులూడుచున్న సామానును ఈ పనికి ఎన్నుకొనకుండుటే మేలు.

జిగురుకు మైదాపిండిని నీటిలో ఉడికించిన చాలును. వేడికి పిండి రేణువులు ఉబ్బి పగిలి చిక్కని జిగురగును. అది కాగితపు పోగులలోనికి, కొయ్య రంధ్రములలోనికి చొచ్చి, ఆరిన పిమ్మట రెంటిని బంధించును.

అంటించిన బొమ్మ ముడతలు పడుటకు కారణమేమి? కాగితము సెల్యులోజు పోగుల అల్లిక. తడిసిన పోగు పొడవున పెరుగుట స్వల్పము. అడ్డముగా బాగుగా ఉబ్బును. యంత్రముపై తయారైన కాగితములో ఎక్కువ పోగులు ఒకే దిశలో ఉండును. కనుక తడిసిన కాగితము ఆ దిశకు అడ్డముగా సాగును. పొడి కాగితమును జిగురుపై ఉంచినచో అంచులు ముందుగా అంటుకొని, నడిమి భాగము సాగుటకు చోటులేక పైకి లేచును.

దీనిని తరగతిలో పరీక్షింపవచ్చును. చదరముగా కత్తిరించిన కాగితపు ముక్కను నీటిపై మెల్లగా వదలినచో అది చుట్టుకొనును. చుట్ట పొడవు ఏ దిశలో ఉన్నదో పోగులును ఆ దిశలోనే ఉన్నవని గ్రహింపవలెను.

కావున బొమ్మకు జిగురు రాసి కొన్ని నిమిషములు ఉంచి, సాగుట ముగిసిన పిమ్మట అంటించి, నడుమనుండి అంచులవైపు గుడ్డతో ఒత్తవలెను. ఆరునప్పుడు కాగితము కుంచించుకొని మద్దెల తోలువలె బిగియును. నీటికి రంగు కారు అచ్చుబొమ్మలను ముందుగా ఒక మూల తడిపి పరీక్షించుకొనవలెను.

తేమ పూర్తిగా ఆరిన తరువాతనే వార్నిషు పూయవలెను. లేనిచో లోపల చిక్కిన తేమ పొక్కులుగా లేచును. పలుచని పూతలు, ఒకటి ఆరిన పిమ్మట మరియొకటి వేయుట మంచిది. కాగితపు అంచు వ్రేలికి తగలకుండ పోయినప్పుడు పని ముగిసినట్లు.