కార్బురేటరు సవరణ: గాలితో చల్లబడు యంత్రము

మన బళ్ళారి మరమ్మతు దుకాణములలో కన్నడము, తెలుగు, ఉర్దూ కలిసియే వినబడును. అచ్చట పని నేర్చుకొను పిల్లలకు ఏ స్క్రూను ఎటు త్రిప్పవలెనో త్వరలోనే పట్టుబడును. ఏల త్రిప్పవలెనో చెప్పువారు తక్కువ. ఆ కారణమును తల్లిదండ్రుల ముందుంచుటకే ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

పెట్రోలు ద్రవముగా నున్నప్పుడు చక్కగా మండదు. సన్నని తుంపరయై గాలిలో కలియవలెను. ఈ పని చేయునది కార్బురేటరు. దాని గొట్టము నడుమ ఇరుకైన చోట గాలి వేగము పెరిగి ఒత్తిడి తగ్గును. అప్పుడు జెట్టు అను సన్నని రంధ్రము గుండా పెట్రోలు లాగబడును. తూకమున ఒక పాలు పెట్రోలునకు సుమారు 14.7 పాళ్ళు గాలి ఉన్నచో అది పూర్తిగా మండును. పెట్రోలు హెచ్చినచో నల్లని పొగయు, వృథా వ్యయమును కలుగును. కొరవడినచో యంత్రము మితిమీరి వేడెక్కును.

గాలితో చల్లబడు యంత్రమునకు ఈ రెండవ దోషమే ప్రమాదకరము. 2003లో మెక్సికోలో తయారీ ముగిసిన ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు ఇందుకు మంచి ఉదాహరణము. దానికి రేడియేటరు లేదు. వెనుకనున్న నాలుగు సిలిండర్లను పంకా గాలియే చల్లబరచును. 1970 వరకు వచ్చిన పెక్కు బండ్లలో నూనెను చల్లార్చు పరికరము మూడవ సిలిండరునకు పోవు గాలికి అడ్డుగా నుండుటచే, అది తక్కినవాటికంటె హెచ్చుగా వేడెక్కెడిది. పెట్రోలు కొరవడిన మిశ్రమముతో నడిపినచో అచ్చటి వాల్వు కాలిపోవచ్చును. వేసవిలో 40 డిగ్రీలు దాటు మన సీమలో ఈ భయము మరింత హెచ్చు.

కార్బురేటరుపై చేయి వేయుటకు ముందు వాల్వుల సందు, ప్లగ్గులు, పాయింట్లు సరిచూడవలెను. సండూరు దారుల ఎఱ్ఱ దుమ్ముతో ఎయిర్ ఫిల్టరు మూసుకొనియుండిన శుభ్రపరచవలెను. పిదప యంత్రము బాగుగా వేడెక్కి చోకు పూర్తిగా తెరచుకొన్న తరువాత, మిశ్రమపు స్క్రూను కొద్దికొద్దిగా త్రిప్పుచు, యంత్రము వేగముగను నిలకడగను తిరుగు చోటు పట్టుకొనవలెను. అటుపై వేగపు స్క్రూతో నిముషమునకు సుమారు 850 చుట్లకు తేవలెను. ఈ స్క్రూలు బండి నిలిచియున్నప్పటి నడకనే సవరించును. దారిపై వేగముగా పోవునప్పటి మిశ్రమమును నిర్ణయించునది ముఖ్యముగా పెద్ద జెట్టు.

మన పిల్లలు సాధారణముగా నేర్చుకొనునది పాత బుల్లెట్టు, యెజ్డి మోటారు సైకిళ్ళపైన. అట్టి బండ్లలో పెక్కింటికి గాలి స్క్రూ కలదు. దానిని బిగించినచో గాలి తగ్గి పెట్రోలు పాలు హెచ్చును. బీటిల్‌లోని సోలెక్స్ కార్బురేటరు మిశ్రమపు స్క్రూను బిగించినచో పెట్రోలు పాలు తగ్గును. త్రిప్పుట ఒకటే, ఫలితము విపరీతము. చేతి వాడుక మాత్రమే తెలిసినవాడు ఇచ్చటనే పొరబడును.

2023 నుండి మన దేశమున 20 శాతము ఇథనాలు కలిసిన పెట్రోలు వచ్చుచున్నది. ఇథనాలులో ప్రాణవాయువు కలదు. కావున పాత జెట్టుతోనే నడిపినచో మిశ్రమమున పెట్రోలు కొరవడినట్లే యగును. పాత రబ్బరు భాగములు కూడ చెడును. అట్టి బండికి గొట్టములు మార్చి, జెట్టు కొలత చూపించుట మేలు.

మరియొక మాట. ఈ సవరణ ఆరుబయటనే జరుగవలెను. పొగలోని కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. తలుపులు మూసిన షెడ్డులో అది ప్రాణము తీయును. ఇది పిల్లలకు మొదట చెప్పవలసిన మాట.

2020 ఏప్రిల్ 1 నుండి అమలైన నిబంధనలతో క్రొత్త మోటారు సైకిళ్ళలో పెక్కింటికి కార్బురేటరు పోయి, కంప్యూటరు పెట్రోలును కొలిచి ఇచ్చుచున్నది. పనిముట్టు మారినది గాని గాలి, పెట్రోలుల లెక్క మారలేదు. సాయంకాలము దుకాణము నుండి వచ్చిన కుమారుని, నేడు ఏమి బిగించితివని మాత్రమే గాక, ఏల బిగించితివని కూడ ఇంటి భాషలో అడుగుడు. తల్లిభాషలో కారణము చెప్పగలిగినవాడే ఆ పనిని నిజముగా నేర్చినవాడని మా నమ్మకము.