మీకు తెలుసా? లేచాక నొక్కితే కొమ్మే మిగులుతుంది

ఆషాఢంలో, వాన వెలిసిన ఒక పొద్దున జలంత్రకోట జంక్షన్‌లో టీ తాగుతున్నాను. నెత్తిమీంచి నత్తగుల్ల కొంగ ఒకటి పోయింది. ముక్కున పచ్చి పుల్ల, రెక్కల కింద లేత ఎండ. గ్లాసు బల్ల మీద పెట్టి, బ్యాగు జిప్పు లాగి, కెమెరా కంటికి ఆనించేసరికి అంతా నలుపు. లెన్సు మూత తియ్యలేదు. పక్కన కూర్చున్న పెద్దాయన అడిగాడు: "ఏటి బాబూ, తీసావేటి?" తీసాను తాతా, మూతని!

కంట పడినదానికి వేలు కదలడానికి మనిషికి దాదాపు పావు సెకను పడుతుందని మీకు తెలుసా? గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే పక్షి ఆ పావు సెకనులో మూడు మీటర్లకు కాస్త తక్కువ దూరం దాటేస్తుంది. అంటే "అదిగో లేచింది" అనుకుని నొక్కితే ఫొటోలో ఊగుతున్న కొమ్మ తప్ప ఏమీ ఉండదు. దీనికి విరుగుడుగా బటన్ పూర్తిగా నొక్కకముందటి దృశ్యాలను కూడా దాచిపెట్టే కెమెరాలు వచ్చాయి. 2016లో ఒలింపస్ ఈ సదుపాయాన్ని తన కెమెరాలో పెట్టింది, మరికొన్ని కంపెనీలూ పెట్టాయి. అంత డబ్బు లేనివాళ్లకు పక్షే ముందుగా కబురు చెబుతుంది.

ఎలాగంటే, కొమ్మ మీద కూర్చున్న కొంగ ముందు గాలికేసి తిరుగుతుంది. మెడ ముందుకు చాస్తుంది. కాళ్లు కొద్దిగా ముడిచి ఒళ్లు కిందికి దించుతుంది. చాలాసార్లు ఇదే సమయంలో తోక ఎత్తి రెట్ట వేస్తుంది. చూడ్డానికి బాగోదు గానీ ఫొటోలు తీసేవాళ్లకు అంతకంటే మంచి గంట లేదు. రెట్ట పడిందంటే వేలు బటన్ మీద ఉండాలి. గూడబాతు బరువైన పక్షి. చెట్టు మీంచైతే రెక్కలు విప్పి కిందికి జారుతుంది, నీళ్ల మీంచైతే రెండు కాళ్లూ కలిపి తన్నుకుంటూ కొంత దూరం పోయి గానీ లేవదు. తొందరపడేవాడికి ఆ పక్షితో మొదలుపెట్టడమే మేలు.

పుల్ల మోసే కొంగ సంగతి ఇంకా సులువు. గూడు ఒక్క పుల్లతో అయ్యేది కాదు కాబట్టి పొద్దంతా ఒకే దారిలో తిరుగుతుంది. ఆ రోజు నేను రెండో టీ చెప్పి, మూత జేబులో వేసుకుని కూర్చున్నాను. గ్లాసు ఖాళీ కాకముందే అదే దిక్కు నుంచి మళ్లీ వచ్చింది. ఫొటో మరీ గొప్పగా లేదు, ఒక రెక్క కొస తెగింది. అయినా ముక్కు మధ్య సందు స్పష్టంగా పడింది. మూసినా మూతపడని ఆ ముక్కుతోనే అది నత్తను గుల్ల నుంచి లాగేస్తుంది. పిల్లలకు ఈ సందు ఉండదు, ఎదిగాకే వస్తుంది.

జలంత్రకోట దగ్గర హైవే ఎక్కి ఇచ్ఛాపురం వైపు పోతే తేలుకుంచి, టెక్కలి వైపు పోతే తేలినీలాపురం, రెండూ ఈ పక్షులు వచ్చే ఊళ్లే. తేలుకుంచికి నత్తగుల్ల కొంగలు తొలకరికి వస్తాయి. తేలినీలాపురానికి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు సెప్టెంబరు, అక్టోబరు నుంచి వచ్చి వేసవి దాకా ఉంటాయి. నౌపడ ఉప్పు మడుల పక్క చిత్తడి వాటి వంటిల్లు. ఊరివాళ్లు వీటిని పుట్టింటికొచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు. ఎవర్నడిగినా "సైబీరియా పక్షులు" అంటారు. అది మాత్రం నిజం కాదు. ఈ గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులే. సైబీరియాలో గూడు కట్టవు. మన ఆడపడుచులకు లేనిపోని అత్తారిల్లు అంటగట్టాం.

ఇంకో తికమక. మనకు పొడవు కాళ్లున్న ప్రతిదీ కొంగే. ఆకాశంలో మాత్రం మెడ చూడండి. ఎర్రకాళ్ల కొంగ, నత్తగుల్ల కొంగ మెడ చాచి ఎగురుతాయి. చెరువుగట్టు తెల్లకొంగ మెడ మడిచి ఎగురుతుంది. గూడబాతుదీ మడతే. చాచిన మెడ ఉన్నదాన్ని ఫ్రేములోకి తీసుకునేటప్పుడు ముందు కాస్త ఎక్కువ చోటు వదలాలి, లేకపోతే ముక్కు తెగుతుంది.

గాలి లెక్క మన తూర్పు తీరంలో వేరుగా ఉంటుంది. పక్షి గాలికి ఎదురుగానే లేస్తుంది, ఎదురుగానే దిగుతుంది. వెలుతురు కోసం మనం సూర్యుడికి వీపు పెట్టి నిలబడతాం. పొద్దున్నే గాలి నేల మీంచి సముద్రానికి వీస్తుంది, సూర్యుడు తూర్పున ఉంటాడు. కాబట్టి లేచిన ప్రతి పక్షీ మనకు తోక చూపించి పడమటికి పోతుంది. సాయంత్రం అన్నీ తలకిందులు, ఫలితం మాత్రం అదే తోక! పది గంటల ప్రాంతంలో సముద్రపు గాలి తిరిగి, సూర్యుడు ఇంకా తూర్పునే ఉన్న కాసేపు మాత్రం రెండూ కలిసొస్తాయి. చలికాలంలో ఆ వేళకు ఎండ కూడా మరీ నడినెత్తికి రాదు. ఇంకా ఆలస్యం చేస్తే పక్షులు వేడిగాలి ఆసరాతో పైకి పోయి చుట్లు కొడతాయి, ఫొటోలో చుక్కలే మిగులుతాయి.

గూడబాతుకూ ఫొటోకూ పాత చుట్టరికం ఉందని తెలుసా? 1882లో ఫ్రాన్సు శాస్త్రవేత్త ఎతియెన్ జూల్ మారే తుపాకీ ఆకారంలో ఒక కెమెరా చేశాడు. మీట నొక్కితే సెకనుకు 12 బొమ్మలు, ఒక్కోటి సెకనులో 720వ వంతు. ఇటలీలోని నేపుల్స్‌లో పక్షులకు గురిపెట్టి, ఒక్కటీ కూల్చకుండా మురిసిపోతుంటే ఊరివాళ్లు పిచ్చోడనుకున్నారని చెబుతారు. ఆయన తీసిన వాటిలో బాగా పేరొచ్చినది ఎగిరే గూడబాతు. అసలు 'స్నాప్‌షాట్' అన్న మాటే వేటగాళ్లది. తీరిగ్గా గురి చూడకుండా చటుక్కున పేల్చడమని అర్థం. 1860లో జాన్ హెర్షెల్ దాన్ని ఫొటోకు వాడాడు.

ఇక సెట్టింగుల సంగతి. రాత్రే పెట్టుకుని పడుకోండి: షట్టర్ సెకనులో 2000వ వంతు, ఐఎస్ఓ ఆటో, ఫోకస్ వెంటాడే పద్ధతిలో, బటన్ నొక్కినంతసేపూ వరసగా తీసేలా. పక్షి కనబడ్డాక చక్రాలు తిప్పేవాడికి ఏదీ దొరకదు. తెల్లటి గూడబాతు చింతచెట్టు నీడ ముందు ఎగిరితే ఈకలు సున్నం కొట్టినట్టు వెలిసిపోతాయి, వెలుతురు కాస్త తగ్గించండి. అదే పక్షి తెల్లని ఆకాశం మీద బొగ్గులా పడుతుంది, అప్పుడు పెంచండి. ఏసీ గదిలోంచి తీసిన లెన్సు మన తేమగాలికి చటుక్కున చెమరుస్తుంది, అరగంట ముందే బయటపెట్టాలి. ఫోనే ఉందా? చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ బటన్ రెండుసార్లు నొక్కితే కెమెరా తెరుచుకుంటుంది. పొద్దుగూకే వేళ ఉప్పు మడుల మీద తిరిగొచ్చే గుంపుకు అది చాలు.

తేలినీలాపురంలో వాచ్ టవర్ ఉంది. కింద నిలబడితే పొట్టలు కనిపిస్తాయి, పైకెక్కితే కళ్లు కనిపిస్తాయి. అక్కడికొచ్చేవాళ్లకు ఒక్క మాట. ఎగిరితే బాగుణ్ణని చప్పట్లు కొట్టేవాళ్లను చూశాను. తల్లి బెదిరి లేస్తే గూట్లో పిల్ల తడబడి కింద పడుతుంది. పడ్డ పిల్లను తల్లి దిగొచ్చి మేపదు. చప్పట్లు వద్దు, రాళ్లు వద్దు, డ్రోన్ అసలే వద్దు.